ఆక్స్‌నార్డ్ నాటకానికి రెండు మాస్కులు: ఏం అనుకున్నాం, ఏం చేశాం, ఎక్కడ బీటలిచ్చింది

మొదటి మెసేజ్‌తో పాటే నాటకం వాళ్లు మాస్కులు చేసే నాకు ఒక బొమ్మ పంపారు. జపాన్‌లో మాస్కులు పెట్టుకుని ఆడే పాత నాటకాలున్నాయి, వాటిని నో అంటారు, వాటిలో హన్యా అని ఒక మొహం ఉంటుంది, కొమ్ములు, కోరలు, బంగారు కళ్లు, అది. దాని బుగ్గల మీద, మెక్సికో వాళ్లు చనిపోయినవాళ్ల పండుగకి చేసే చక్కెర పుర్రెల మీద వేసే పువ్వులు, నుదుట సాలెగూడు, తల చుట్టూ బంతిపూలు. ఫోన్‌లో ఎవరో కూర్చుని అతికించింది, చూడ్డానికి బానే ఉంది, టీషర్టు మీద వేస్తే అమ్ముడుపోతుంది కూడా. "ఇలాంటివి రెండు కావాలి, నవంబర్ 1న షో, చేసిపెడతావా?" అని డైరెక్టర్ అడిగింది.

చెయ్యనన్నా. చేతకాక కాదు, కొమ్ములు పెట్టి పువ్వులు గీయడం రెండు వారాల పని. కానీ హన్యా అంటే ఊరికే దయ్యం మొహం అనుకుంటారు గానీ అది అసూయతో, అవమానంతో రగిలి రగిలి అలా అయిపోయిన ఆడమనిషి. వీళ్ల నాటకమేమో చక్కెర దుంపల పొలంలో పనిచేసి చచ్చిపోయిన ఒక కూలీ గురించి. కోపం ఉంది, దుఃఖం ఉంది, అసూయ ఎక్కడుంది? పులిహోర బావుంటుంది, పాయసమూ బావుంటుంది, అని రెండూ ఒకే గిన్నెలో కలిపేసి ఫ్యూజన్ అంటే ఎవరు తింటారు. ఇదే మాట కాస్త మర్యాదగా చెప్పా. ఫోన్ పెట్టేస్తుందనుకున్నా, పెట్టలేదు, "అయితే ఏం చేద్దామో నువ్వే చెప్పు" అంది. అలా ఇరుక్కున్నా. 60 గంటల పని అని కోట్ ఇచ్చి 170 గంటలు చేశా, మిగతా 110 గంటలు ఎటుపోయాయో కిందే తెలుస్తుంది.

ముందు కథ చెప్పాలి, లేకపోతే మాస్కులు అర్థం కావు. లాస్ ఏంజెలెస్‌కి వాయవ్యంగా సముద్రం పక్కన ఆక్స్‌నార్డ్ అని ఊరు. 1898లో అక్కడ చక్కెర ఫ్యాక్టరీ లేచింది, చుట్టూ చక్కెర దుంపల పొలాలు వచ్చాయి. దుంప మొలకలు ఒత్తుగా లేస్తాయి, వరసలో ఒక్కోటి వదిలి మిగతావి వంగి పీకెయ్యాలి. ఆ వంగుడు పని చేసింది జపాన్ నుంచి వచ్చినవాళ్లూ, మెక్సికో వాళ్లూ. మధ్యలో కాంట్రాక్టర్లు రేట్లు కోసేసి, పైగా కూలీ డబ్బు బదులు చీటీలిచ్చి ఫలానా కొట్లోనే సరుకులు కొనుక్కోవాలనేవాళ్లు. 1903 ఫిబ్రవరిలో వీళ్లూ వాళ్లూ కలిసి జపనీస్-మెక్సికన్ లేబర్ అసోసియేషన్ అని సంఘం పెట్టుకుని స్ట్రైక్‌కి దిగారు, కొన్ని వారాల్లో దాదాపు 1,200 మంది అయ్యారు. మార్చి 23న కాల్పులు జరిగాయి, లూయిస్ వాస్కెస్ అనే కూలీ చనిపోయాడు. నెలాఖరుకి స్ట్రైక్ గెలిచారు. తర్వాత దేశంలోని కార్మిక సంఘాల సమాఖ్య, అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్‌లో చేర్చుకోమని అడిగితే దాని అధ్యక్షుడు శామ్యూల్ గాంపర్స్ సరే గానీ చైనా వాళ్లనీ జపాన్ వాళ్లనీ చేర్చుకోకూడదని షరతు పెట్టాడు. సంఘం సెక్రటరీ లిజారాస్, ఆయన మెక్సికన్, అలాంటి చేరిక మాకొద్దని తిప్పి పంపేశాడు.

నాటకం దీన్ని నో పద్ధతిలో చెప్తుంది. నో కథల్లో చాలావాటికి ఒక కట్టు ఉంటుంది: ఒక బాటసారి ఎక్కడికో వస్తాడు, అక్కడ ఒక ముసలాయనో ఆవిడో కనబడి ఆ చోటు గురించి ఏదో చెప్పి మాయమవుతారు, రెండో సగంలో అదే మనిషి అసలు రూపంలో, చనిపోయిన రూపంలో వస్తాడు. ఈ ముఖ్యపాత్రని షితే అంటారు, బాటసారిని వాకి అంటారు. కాబట్టి నాకు కావాల్సినవి రెండు మొహాలు, మొదటి సగానికి ముసలాయన, రెండో సగానికి ప్రేతం. మామూలుగా రెండూ ఒకే నటుడు వేస్తాడు. ఇక్కడ డైరెక్టర్ కావాలనే విడదీసింది, ముసలాయన్ని మెక్సికోలోని మిచోవకాన్ నుంచి వచ్చిన కుటుంబంలో పుట్టిన ఒక డాన్సర్ అమ్మాయి, ప్రేతాన్ని చాలా ఏళ్లు నో నేర్చుకున్న జపనీస్ అమెరికన్ నటుడు. ఇది వినగానే నాకు నచ్చింది. రెండు సంప్రదాయాలు ఎందుకు కలపాలి అనేదానికి నేనేమీ కారణం కల్పించక్కర్లేదు, 1903లోనే ఆ కూలీలు కలిపేశారు. అయితే వాళ్లు ఒకళ్ల బట్టలు ఒకళ్లు తొడుక్కుని కలవలేదు కదా, పని దగ్గర కలిశారు. మాస్కు కూడా అంతే, దాని పని ఎక్కడో అక్కడ కలవాలి అని ఆ రోజే నోట్‌బుక్‌లో రాసుకున్నా, తర్వాత తిట్టుకున్నా అనుకోండి.

నా సంగతి రెండు ముక్కల్లో: ఊరు జనగామ దగ్గర, చేర్యాల ఎంతో దూరం కాదు. చేర్యాల నకాషీ వాళ్లు రంపపు పొట్టు, చింతగింజల పిండి జిగురు కలిపి మాస్కులు చేస్తారు, అలా చేసే ఒక పెద్దాయన దగ్గర కాలేజీ సెలవుల్లో నేర్చుకున్నా. తర్వాత అమెరికా వచ్చి, కొన్నాళ్లు అందరూ చేసే ఉద్యోగమే చేసి, ఇప్పుడు థియేటర్లకి మాస్కులూ ప్రాపులూ చేస్తున్నా. "జపాన్, మెక్సికో మధ్యలో తెలుగోడికేం పని" అని ఎవరైనా అడిగితే నాకూ గట్టి జవాబు లేదు, చెయ్యి పనికొచ్చిందని పిలిచారు, వెళ్లా.

అసలు పేచీ: నీడ వర్సెస్ గీత

నో మాస్కు చేతిలో పెట్టుకుని చూస్తే మొహంలో ఏ భావమూ లేనట్టు ఉంటుంది. అది లేకపోవడం కాదు, దాచిపెట్టడం. కొంచెం పైకెత్తితే వెలుగు పడి మొహం విచ్చుకుంటుంది, దాన్ని తెరాసు అంటారు. కొంచెం దించితే నీడ పడి దిగులవుతుంది, అది కుమొరాసు. ఆ దించడం అంటే కూడా ఎంత, రెండు వేళ్ల మందం. చెక్కినవాడు పై రెప్ప కింద, పెదవి చివర, బుగ్గ వాలులో ఆ నీడలన్నీ ముందే పెట్టేసి ఉంచుతాడు, నటుడు వాటిని ఒక్కోటీ బయటికి తీస్తాడు.

మెక్సికో డాన్స్ మాస్కులు దీనికి పూర్తిగా ఎదురు. అవి ఊరి చౌరస్తాలో, ఎండలో, బ్యాండు మోతలో, జనం మధ్య గెంతుతూ ఆడేవాటి కోసం పుట్టాయి. అక్కడి గెరేరో రాష్ట్రం పులి మాస్కులు చూడండి, ఎర్రటి నోరు, అద్దం కళ్లు, అడవిపంది వెంట్రుకల మీసాలు. వంద అడుగుల దూరం నుంచి కూడా ఎవరో తెలియాలి, అందుకే గీత గట్టిగా, రంగు గట్టిగా ఉంటుంది. మిచోవకాన్‌లో పురేపెచా అనే ఆదివాసుల వియెహితోస్ డాన్స్ ఉంది, అంటే చిన్న ముసలోళ్లు అని అర్థం. గులాబీ రంగు మొహాలు, ఊడిన పళ్లు, ఇంత నవ్వు, నడుం వంచి కర్ర పట్టుకుని దగ్గుతూ వచ్చి, ఉన్నట్టుండి చెక్క చెప్పులతో నేల అదిరిపోయేలా స్టెప్పులేస్తారు. ఆ నవ్వు ఆపాదమస్తకం నవ్వే, ఏ కోణంలో చూసినా నవ్వే.

గట్టి గీత వేసిన చోట నీడ చచ్చిపోతుంది. దీన్ని మాటల్లో చెప్తే డైరెక్టర్‌కి ఎక్కలేదు, అప్పుడు ఒక పని చేశా. మట్టితో ఒక ముసలి మొహం పిసికి తెల్ల రంగు కొట్టి, గదిలో లైట్లు ఆపి, ఫోన్ టార్చ్ పైన పట్టుకుని మొహాన్ని నెమ్మదిగా ఊపి చూపించా. పెదవి చివర నీడ ఇటు నుంచి అటు పాకుతుంది, మొహం మారుతుంది. తర్వాత మార్కర్ పెన్ తీసి నోటి చుట్టూ నల్ల గీత, కళ్ల చుట్టూ పువ్వు రేకులు గీసి మళ్లీ ఊపా. ఏమీ జరగలేదు. చూసేవాడి కన్ను గీతకి అతుక్కుపోయింది, నీడ ఉన్నా కనబడదు. ఆవిడ ఒక నిమిషం ఏం మాట్లాడలేదు, "పువ్వులు తీసెయ్" అంది. ఆ రోజు ప్రాజెక్ట్‌కి అసలు మొదటి రోజు.

ముసలాయన

వియెహితో నవ్వు కావాలి, దాన్ని నో లాగా దించితే ఏడుపు అవ్వాలి. ఇంగ్లిష్‌లో ఈ బ్రీఫ్ రెండు పేజీలు రాశారు, నాకు మాత్రం మన మాట ఒక్కటే తట్టింది: ఏడవలేక నవ్వినట్టు. ఆ మాటే టేబుల్ ముందు గోడకి అతికించుకుని పనిచేశా.

గమనిస్తే నవ్వుకీ ఏడుపుకీ కళ్ల పక్కన ముడతలు ఇంచుమించు ఒకటే, తేడా అంతా కనుబొమ్మల మధ్యలో, పెదవి చివర. కాబట్టి కళ్ల పక్కన ముడతలు లోతుగా చెక్కి, కనుబొమ్మల మధ్య భాగాన్ని మాత్రం నో ముసలి మాస్కుల్లా కాస్త పైకి లాగి వదిలేశా. నోరు తెరిచి ఉంది, పై వరసలో రెండు పళ్లు, కింద ఒకటి. ఎడమ పెదవి చివర 6 మిల్లీమీటర్లు పైకి, కుడివైపు 3 మాత్రమే. నో మాస్కుల్లో కూడా రెండు వైపులూ సమానంగా ఉండవు, చాలావాటికి ఎడమ కుడి తేడా ఉంటుంది. మొహం నిటారుగా ఉంటే ఎడమ పెదవి గెలుస్తుంది, నవ్వుతున్నాడు. దించి కుడికి తిప్పితే పై పెదవి నీడ కింద పడి ఆ 3 మిల్లీమీటర్ల వైపు వాలిపోతుంది, అదే ముడతలు ఇప్పుడు ఏడుస్తాయి. నాలుగు మట్టి మొహాలు చేశాక ఐదోది కుదిరింది. మూడోది ఫొటో తీసి మా అమ్మకి పంపితే "ఏందిరా, మీ చిన్నతాత లెక్క ఉన్నడు, గాయన గిట్లనే నవ్వెటోడు అప్పులోళ్లు వస్తే" అంది. ఆ మూడోది నవ్వు ఎక్కువైందని పక్కన పెట్టా గానీ అమ్మ మాట విన్నాక కుడి పెదవి ఇంకాస్త దించా.

రంగు దగ్గర వియెహితో గులాబీని వదులుకోలేదు. కాకపోతే డబ్బా పెయింట్ కొట్టకుండా తెల్లటి పూత మీద కోచినీల్‌ని పల్చగా పొరలు పొరలుగా ఎక్కించా. కోచినీల్ అంటే నాగజెముడు జాతి కాక్టస్ మీద బతికే చిన్న పురుగు నుంచి తీసే ఎరుపు, మెక్సికోలో ఒహాకా వైపు ఎప్పట్నుంచో ఉన్న రంగు. మన లక్క పురుగుకి వరసకి బంధువే. పల్చగా వేస్తే గీత రాదు, కింద నీడ బతికే ఉంటుంది, దూరం నుంచి చూస్తే మాత్రం వియెహితో చెంపలే.

ఈ మాస్కు ఖాయం చేసేముందు డాన్సర్ అమ్మాయి మేనమామ దగ్గరికి వెళ్లాం, ఆయన ఇక్కడే వలస కుటుంబాల పిల్లలకి ఆ డాన్స్ నేర్పుతాడు. మాస్కు చూపించి పర్లేదా అని అడిగా. ఆయన మాస్కు చూడకుండా ముందు తన నడుం వంచి చూపించాడు. తన చిన్నప్పుడు వాళ్ల నాన్న పొలాల్లో పొట్టి పిడి పారతో పనిచేసేవాడట, దాంతో నిటారుగా నిలబడి పనిచెయ్యడం కుదరదు, రోజంతా వంగే ఉండాలి. కాలిఫోర్నియాలో ఆ పారని 1975లో నిషేధించారు. "డాన్స్‌లో వంగడం ఆట, మా నాన్న వంగింది ఆట కాదు, మీ ముసలాయన ఏది వంగుతున్నాడో మీకు తెలిసి ఉండాలి" అన్నాడు. దాంతో మాస్కు కోణమే మార్చాల్సి వచ్చింది. నడుం వంచి ఉన్న మనిషి మొహం సహజంగానే కిందికి చూస్తుంది, అంటే నా లెక్క ప్రకారం ఎప్పుడూ ఏడుపే. లోపల నుదుటి దగ్గర మెత్తలు మందంగా పెట్టి, వంగినప్పుడు మాస్కు జనం వైపు చూసేలా కొన్ని డిగ్రీలు ఎత్తా. నోలో కూడా మాస్కు లోపల ఇలా మెత్తలు అంటించి కోణం సరిచేసుకుంటారు, ఆ ట్రిక్ నాది కాదు.

ఒళ్లు మెక్సికో, చర్మం జపాన్

చెక్క వద్దనుకున్నాం. నో మాస్కు హినోకి చెక్కతో చెక్కుతారు, ఆ స్థాయి చెక్కుడు నాకు రాదు, మూడు నెలల్లో వచ్చేదీ కాదు. కాగితం అయితే రెండు దేశాల్లోనూ ఉంది. మెక్సికోలో కార్తొనేరియా అంటారు, మైదా ఉడికించిన జిగురుతో కాగితం పొరలు అంటించి పుర్రెలు, జుడాస్ బొమ్మలు, అలెబ్రిహెలనే వింత జంతువుల బొమ్మలు అన్నీ చేస్తారు. జపాన్‌లో షిమానే వైపు ఇవామి కగురా అని చాలా స్పీడుగా ఆడే నాట్యం ఉంది. పాత రోజుల్లో దానికీ చెక్క మాస్కులే, ఆట వేగం పెరిగేకొద్దీ బరువు తగ్గించాల్సి వచ్చి సెకిషు వాషి కాగితానికి మారారు. మట్టితో మొహం చేసి, దాని మీద కాగితం పొరలు అంటించి, ఎండాక లోపలి మట్టిని కొట్టి పగలగొట్టేస్తారు. కాగితం గుల్ల మిగులుతుంది. దాని మీద కాయ రసం, తెల్ల పూత.

నేను రెండూ కలిపా. లోపలి నాలుగు పొరలు కార్తొనేరియా పద్ధతిలో క్రాఫ్ట్ పేపర్, మైదా జిగురు. బయటి మూడు పొరలు వాషి. మైదా జిగురు అంటే మన సినిమా పోస్టర్లు అంటించేదే, కాకపోతే దాంట్లో పురుగు పట్టకుండా మైలుతుత్తం వేస్తారు కదా, మాస్కులో ఆ పని అస్సలు చెయ్యొద్దు, మూతికి ఆనుకునే వస్తువు. నేను లవంగ నూనె నాలుగు చుక్కలు వేశా. కాగితాన్ని కత్తిరించకుండా చింపాలి, చింపిన అంచు పల్చగా ఉండి పొరలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు మెట్టులా తేలుతుంది, తెల్ల పూత తర్వాత కూడా దొరికిపోతారు. ఇంకోటి, కాగితం పడ్డాక మట్టిలో చెక్కిన లోతులు సగం పూడిపోతాయి, అందుకని మట్టిని కావాల్సినదానికంటే ఘోరంగా, అసహ్యంగా అనిపించేంత లోతుగా చెక్కాలి. మొదటి రెండు మొహాలు పోయింది ఇక్కడే, మట్టి మీద అందంగా ఉంది కదా అని మురిసిపోయా, కాగితం తీసేసరికి ఇడ్లీ మొహం.

వాషి పొరల మీద కాకిషిబు పట్టించా. పచ్చి పెర్సిమన్ కాయల్ని దంచి పులియబెట్టిన రసం అది, కాగితాన్ని గట్టిపరుస్తుంది, నీళ్లు పట్టనివ్వదు. మన తునికి చెట్టు కుటుంబమే ఆ చెట్టు కూడా, పచ్చి తునికి కాయ కొరికితే నాలుక ఎలా పట్టేస్తుందో ఆ వగరే ఇక్కడ పని చేసేది. వాసన గురించి ఎవరూ చెప్పలేదు నాకు. గ్యారేజ్‌లో సీసా తెరిచాక పక్కింటాయన వచ్చి డ్రైనేజ్ లీకయ్యిందా అని అడిగాడు.

ఇక చర్మం, అదే తెల్ల పూత. దాన్ని గోఫున్ అంటారు, ఆల్చిప్పల పొడి. దాన్ని నికావాతో, అంటే జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురుతో కలుపుతారు, మన వడ్రంగులు వాడిన సరేసు లాంటిది. చేర్యాలలో కూడా పాత రోజుల్లో తెలుపు కోసం గవ్వలు, శంఖాల పొడి వాడేవాళ్లని మా పెద్దాయన చెప్పేవాడు, అందుకే పొడి చేతిలోకి తీసుకోగానే తెలిసిన వస్తువులానే అనిపించింది. కలపడం మాత్రం కొత్త. నికావా రాత్రంతా నానబెట్టి, పొద్దున నేరుగా మంట మీద కాకుండా వేణ్నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి, మరిగితే జిగురు చచ్చిపోతుంది. పొడిని రోట్లో మెత్తగా నూరి, జిగురు కొద్దికొద్దిగా పోసి ముద్ద చెయ్యాలి, ఆ ముద్దని పళ్లెంలో టపీ టపీ వంద సార్లు కొట్టాలి. జపాన్ వాళ్లు నిజంగానే వంద అని లెక్కపెడతారు. జొన్నరొట్టె చేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ చప్పుడు వేరే నేర్పక్కర్లేదు. మొదట ముద్ద చిట్లుతూ ఉంటుంది, ముప్పై నలభై దెబ్బల తర్వాత అంచులు పగలడం ఆగిపోతుంది, ఎనభై దాటాక చెవి తమ్మెని పట్టుకున్నట్టు మెత్తగా అవుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్లలో కరిగించి బ్రష్‌తో పూస్తాం. ఒక పొర, ఆరాక ఇంకోటి, మధ్యలో శాండ్ పేపర్. ముసలాయనకి 11 పొరలు, ప్రేతానికి 14.

ప్రేతం, దాని దవడ

నోలో యసె-ఒతోకొ అని ఒక ప్రేతం మాస్కు ఉంది, చిక్కిపోయిన మగవాడు అని. బుగ్గలు లోపలికి పోయి, ఎముక మీద చర్మం వేలాడుతూ, కళ్లలో లోహం మెరుస్తూ ఉంటుంది. నోలో కంటికి బంగారు మెరుపు ఉందంటే ఈ లోకం మనిషి కాదని అర్థం. మెక్సికో వైపు పుర్రె, కలవేరా. రెండిటి మధ్య దూరం చాలా తక్కువ, ఒకటి పుర్రె అవ్వబోతున్న మనిషి, ఇంకోటి మనిషిలా పళ్లికిలించే పుర్రె. పుర్రెని రంగుతో గియ్యకూడదని ముందే అనుకున్నాం కదా, అందుకే కంటి గుంటలు మాత్రం కలవేరా లోతు ఇచ్చి, ఆ గుంట అడుగున నో లాగా ఇత్తడి రేకు చుట్టా. నిటారుగా ఉంటే రెండు నల్ల గుంటలు, పుర్రె. మూడు డిగ్రీలు ఎత్తగానే లైటు లోపలికి దిగి ఇత్తడి తళుక్కుమంటుంది, లోపల ఎవరో ఉన్నారు. ఈ ప్రాజెక్ట్‌లో నాకు బాగా తృప్తినిచ్చింది ఇదొక్కటే, మిగతావన్నీ సర్దుబాట్లు.

దవడ దగ్గర చిక్కొచ్చింది. నటుడు పాడాలి, మూసిన కాగితం మాస్కులో గొంతు డబ్బాలో ఈగలా ఝుంకారిస్తుంది. నో కంటే పాత సంగతి ఒకినా అనే ముసలాయన మాస్కులో ఉంది, గడ్డం భాగాన్ని కోసి విడిగా చేసి, పక్కల తాడుతో కడతారు. పుర్రెకి దవడ విడిగా ఉండటం కంటే సహజం ఏముంటుంది, గీత గీయకుండానే పుర్రె అయిపోతుంది. కానీ ఒకినా అంటే వాళ్లకి నాటకం కాదు, పూజ లాంటిది. నటుడిని అడిగా. రెండు రోజులు ఆలోచించి, "కోత పెట్టుకో, ఒకినాలా మాత్రం కనబడకూడదు, కనుబొమ్మల మీద కుచ్చులొద్దు, నవ్వొద్దు" అన్నాడు. అలాగే చేశాం, తాడు కూడా జనపనార, ముడి బయటికి కనబడేలా.

పగిలింది

ఇప్పుడు ఆ 110 గంటల సంగతి. షోకి 9 రోజుల ముందు ప్రేతం మాస్కు వేసుకుని మొదటి ఫుల్ రిహార్సల్. రెండో సగంలో నేలమీద కాలు గట్టిగా తట్టే చోటు ఉంది. నోలో కూడా కాలి తట్టు ఉంటుంది, పాత నో రంగస్థలాల నేల కింద ఆ మోత కోసం పెద్ద మట్టి జాడీలు పెడతారు. మెక్సికోలో తరీమా అని చెక్క పెట్టె మీద తొక్కుతారు. మావాళ్లు రెండూ కలుపుదామని తరీమా మీదే నో తట్టు పెట్టారు, మోత బ్రహ్మాండం. మూడో తట్టుకి ఎడమ దవడ మూల నుంచి కొబ్బరి పెచ్చు లేచినట్టు బొటనవేలంత తెల్ల పెచ్చు ఎగిరి కింద పడింది. ఇంకో రెండు తట్లకి చెంప మీద వెంట్రుక బీటలు. నటుడు ఆగలేదు, పాడుతూనే ఉన్నాడు. నేను మూడో వరసలో కూర్చుని ప్రతి తట్టుకీ కళ్లు మూసుకున్నా.

తప్పు ఇంకెవరిదీ కాదు, పూర్తిగా నాదే. గోఫున్‌లో మొదటి సూత్రం ఏంటంటే, కింది పొరల్లో జిగురు గట్టిగా, పైకి పోయేకొద్దీ పల్చగా. ఎండేటప్పుడు జిగురు ముడుచుకుంటుంది, పై పొర గట్టిదైతే కింది బలహీనమైన పొరని పట్టి లాగేస్తుంది. నాకది తెలుసు. తెలిసి కూడా, చెమటకి పై పొర కరిగిపోతుందేమోనని భయపడి చివరి నాలుగు పొరల్లో జిగురు పెంచేశా. దానికి తోడు అక్టోబర్ చివర్లో ఇక్కడ శాంటా అనా గాలులు వస్తాయి, ఎడారి వైపు నుంచి వీచే పొడిగాలి, గాలిలో తేమంతా పీల్చేస్తుంది. ఇంకో సంగతి, చెక్క మాస్కు ఊగదు, కాగితం గుల్ల ఊగుతుంది. పై చర్మం పెంకులా బిగుసుకుని, కింద ఒళ్లు ఊగుతుంటే ఏమవుతుంది మరి.

ఆ రాత్రే మొత్తం గీకేశా. తడిగుడ్డ వేసి మెత్తబరిచి వెదురు పుల్లతో 14 పొరలూ కాగితం దాకా తీసేశా, ఆరు గంటలు పట్టింది. లోపల దవడ మూలల్లో, ముక్కు దూలం వెంట రెండు పొరల వాషి అడ్డంగా అంటించి ఊపు తగ్గించా. గోఫున్ మళ్లీ మొదట్నుంచి, ఈసారి 8 పొరలే, పల్చగా, జిగురు పైకి పోయేకొద్దీ తగ్గిస్తూ. గ్యారేజ్‌లో తడి తువ్వాళ్లు వేలాడదీసి మెల్లగా ఆరనిచ్చా. పొరలు తగ్గాయి కాబట్టి కొన్నిచోట్ల వాషి పీచు లీలగా కనబడుతుంది, ఎముక మీద నరాల్లా, అది నేను కావాలని చేసింది కాదు గానీ అందరూ కావాలనే చేశాననుకున్నారు, నేనూ సరిదిద్దలేదు. గీకకముందు ప్రేతం 310 గ్రాములు, మళ్లీ చేశాక 205.

చెమట సంగతి పైన కాదు, లోపల చూసుకోవాల్సింది. నో మాస్కు లోపల ఉరుషి లక్కరు వేస్తారు. ఆ చెట్టు జీడి కుటుంబంది, బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా బొబ్బలొస్తాయో పచ్చి ఉరుషికీ అలాగే వస్తాయి, నటుడి మొహంతో ప్రయోగాలు చెయ్యలేను. అందుకే షెల్లాక్ వేశా, అంటే లక్కే, ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసేదే, ఆల్కహాల్‌లో కరిగించి నాలుగు పూతలు. ఒక జాగ్రత్త: థియేటర్ కాస్ట్యూమ్ వాళ్లకి చెమట వాసన పోవడానికి వోడ్కా స్ప్రే కొట్టే అలవాటు ఉంటుంది. ఆల్కహాల్ తగిలితే షెల్లాక్ జిగటగా అయిపోతుంది. రెండో షో ముందు ఒక అబ్బాయి సీసా ఎత్తి పట్టుకుని ఉండగా నేను గదిలోకి వెళ్లా, ఇంకో రెండు సెకన్లు లేటయితే ఈ కేస్ స్టడీలో ఇంకో పేజీ ఉండేది. ఇప్పుడు పెట్టె మూత లోపల ఇంగ్లిష్, స్పానిష్, జపనీస్ మూడిట్లో రాసి అంటించా.

కళ్ల గురించి ఒక మాట. నో నటుడికి సన్న రంధ్రాల్లోంచి కనబడేది చాలా తక్కువ, అందుకే రంగస్థలం మూల స్తంభాన్ని గురుతు పెట్టుకుని నడుస్తాడు. మా ప్రేతానికి అది సరిపోయింది, అలవాటైన మనిషి. డాన్సర్ అమ్మాయి మాత్రం తరీమా అంచు కనబడకపోతే కింద పడుతుంది. మెక్సికో మాస్కుల్లో చాలావాటికి బొమ్మ కన్ను వేరు, చూసే చీలిక వేరు, కంటి కిందో పైనో ఉంటుంది. అలాగే కళ్ల కింద సంచుల ముడతలో ఒక చీలిక పెట్టేశా, ముడతల్లో ముడత, ముందు వరసలో వాళ్లకి కూడా తెలియలేదు.

షోలు నాలుగు జరిగాయి. మొదటి రోజు ముసలాయన మొహం దించి కుడికి తిప్పిన చోట వెనక వరసలో ఎవరో పిల్లాడు "ఎందుకు ఏడుస్తున్నాడు" అని పైకే అడిగాడు. చీకట్లో నేను జేబులో ఉన్న స్కేల్ ముక్క గట్టిగా పట్టుకున్నా. రెండో సగం అంత కుదరలేదని నా అభిప్రాయం, ఇత్తడి మెరుపు మధ్య వరసలకి బాగా అందింది, పక్క వరసల వాళ్లకి అసలు అందలేదు. గుంట అంత లోతు పెట్టకుండా ఉండాల్సింది. లైటింగ్ వాళ్లతో ముందే కూర్చోవాల్సింది కూడా, నేను మాస్కు ఇచ్చేశాక వాళ్లు లైట్లు పెట్టుకున్నారు, అది తిరగేసి జరగాలి.

ఇప్పుడు వాళ్లు ఇంకో ఊళ్లో ఆడటానికి రెండో సెట్ అడుగుతున్నారు. పాతదాన్ని పెట్టెలోంచి తీసి చూస్తే ఎడమ దవడ మూల, సరిగ్గా అప్పుడు పెచ్చు లేచిన చోటే, 2 సెంటీమీటర్ల వెంట్రుక బీట మళ్లీ వచ్చింది. జపాన్‌లో పాత నో మాస్కుకి నకలు చేసేటప్పుడు దాని గీతలు, దెబ్బలతో సహా దించుతారు, ఉత్సుషి అంటారు దాన్ని. నటుడికి ఫోన్ చేసి బీట సంగతి చెప్తే "అది కూడా పెట్టు" అన్నాడు నవ్వుతూ, డైరెక్టర్ వద్దంది. నేనింకా తేల్చుకోలేదు, బీటని ట్రేసింగ్ పేపర్ మీద దించి పెట్టుకున్నా, మట్టి నానబెట్టా. ఈసారి కోట్ మాత్రం 120 గంటలకి ఇచ్చా.